చివరన నిలబడ్డవాళ్లు

పెళ్లిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు ఇన్నేళ్లలో పదిమంది ఉంటే గొప్ప. పందొమ్మిదేళ్లప్పుడు "ఏయ్ ఫోటో అబ్బాయ్" అన్నారు. మీసాలు గట్టిపడ్డాక "అన్నా, ఇటొకటి కొట్టన్నా" అయ్యింది. ఇప్పుడు పెళ్లికూతురి స్నేహితురాళ్లు ఫోన్లు ఎత్తిపట్టుకుని "అంకుల్, కొంచెం జరుగుతారా, అడ్డొస్తున్నారు" అంటున్నారు. అంకుల్ అన్నందుకు బాధ లేదు, నా జుట్టు చూస్తే ఎవరైనా అదే అంటారు. ఫోటోగ్రాఫర్‌నే పట్టుకుని అడ్డొస్తున్నావనడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

మొన్నొక రోజు పాత నెగటివ్‌ల పెట్టెలు దించాను. ఎందుకు దించానో తర్వాత చెబుతాను. దుమ్ము దులుపుతుంటే మా గురువుగారి చేతిరాతతో ఒక కవరు చేతికొచ్చింది. 1990 అని వేసి, కింద "పెళ్లికూతురి వైపు గ్రూపులు, మళ్లీ తీసినవి" అని రాసి ఉంది. 'మళ్లీ' కింద రెండు గీతలు. ఆ గీతలు నాకోసమే గీశారు.

నేను ఈ పనిలో చేరింది 1988లో. గురువుగారు అంటున్నాను కదా అని ఆయనేదో కూర్చోబెట్టి పాఠాలు చెప్పారనుకోకండి. మొదటి ఏడాదంతా నాతో మాట్లాడినవి రెండే మాటలు. "పట్టుకో", "ఎత్తు". ఫ్లాషు పట్టుకోవాలి, ఎత్తమన్నప్పుడు ఎత్తాలి. చెయ్యి లాగేస్తోందని దించితే వెనక్కి తిరక్కుండానే "ఊఁ" అనేవారు. ఆయనకి వీపు మీద కూడా కళ్లున్నాయని చాలాకాలం నమ్మాను. నా నీడ కదిలితే తెలిసిపోతుందని తర్వాత అర్థమైంది.

ఆయన కెమెరా యాషికా మ్యాట్ 124జీ. ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. మెళ్లో వేసుకుని, పొట్ట దగ్గర పెట్టుకుని, పైనున్న గాజులోకి తలవంచి చూడాలి. ఆ గాజులో కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. మనిషి కుడికి నడిస్తే బొమ్మ ఎడమకి నడుస్తుంది. 120 రోల్ వేస్తే 12 ఫోటోలు. పెళ్లి మొత్తానికి ఆరు రోల్స్, అంటే 72. ఇవాళ పెళ్లికొడుకు కారు దిగి చెప్పులు సర్దుకునేలోపు నేను 72 కొట్టేస్తాను.

పన్నెండే ఉన్నాయంటే ఎవరి చెయ్యైనా పిసినారిదే అవుతుంది. బంధువులు నలుగురు వచ్చి నిలబడి "మాకొకటి తియ్యండి" అంటే కాదనకూడదు, తీస్తే రోల్ అయిపోతుంది. అప్పుడు ఆయన ఫ్లాషు వెనక ఉండే చిన్న బటన్ నొక్కమని నాకు సైగ చేసేవారు. మెరుపు మెరుస్తుంది, ఫిల్ము కదలదు. వాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోతారు. ఆ రోజుల్లో ఖాళీ ఫ్లాషు కొట్టని ఫోటోగ్రాఫర్ ఉన్నాడంటే నేను నమ్మను. ఇది చదివే పెద్దవాళ్లలో ఎవరికైనా "ఫలానా పెళ్లిలో మేం దిగిన ఫోటో ఆల్బమ్‌లో రాలేదే" అని ముప్ఫై ఏళ్లుగా అనుమానం ఉంటే, అదీ సంగతి. క్షమించండి.

ఆ ఫ్లాషు కూత నాకు ఇప్పటికీ కలలోకొస్తుంది. ఒకసారి మెరిశాక సన్నగా మొదలవుతుంది, లోపల కెపాసిటర్ నిండుతున్నకొద్దీ పైస్థాయికి పోతుంది, చెవికి అందకుండా పోయిన కాసేపటికి ఎర్రదీపం వెలుగుతుంది. కొత్త సెల్స్ ఉంటే ఏడెనిమిది సెకన్లు. అర్ధరాత్రి దాటి సెల్స్ నీరసపడ్డాక ఇరవై. సరిగ్గా ఆ ఇరవై సెకన్లలోనే పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకుంటాడు. ఎర్రదీపం వెలిగేసరికి రుమాలు జేబులోకి వెళ్లిపోయి, ఆయన ఎవరితోనో కుర్చీల గురించి మాట్లాడుతుంటాడు.

లెక్క కూడా ఉండేది. ఫ్లాషు గైడ్ నంబరు, అంటే దాని బలం చెప్పే అంకె, 32 అనుకోండి, 100 ఫిల్ముకి, మీటర్లలో. మనిషి 4 మీటర్ల దూరంలో ఉంటే 32ని 4తో భాగిస్తే 8. లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం ఎఫ్8 దగ్గర పెట్టాలి. స్కూల్లో కొరుకుడుపడని భాగహారం నాకు పెళ్లిళ్లలో వచ్చింది. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. పాత పెళ్లి ఫోటోల్లో ముందు వరస పిండి పూసుకున్నట్టు తెల్లగానూ, వెనక వరస చీకట్లోంచి తొంగిచూస్తున్నట్టుగానూ ఉండేది అందుకే.

రెండో ఏడాది చివర్లో నా చేతికి పెంటాక్స్ కే1000 ఇచ్చారు. ఇచ్చిన నెలలోనే ఒక తప్పు చేశాను. ఆ కెమెరాలో ఫ్లాషుతో తీసేటప్పుడు షట్టరు వేగం సెకనులో అరవయ్యో వంతు, 1/60, దాటకూడదు. నేను 1/125 మీద ఉంచి ఒక రోల్ నడిపేశాను. దాన్లో ఉండేది పక్కకి నడిచే గుడ్డ తెర. ఫ్లాషు మెరిసేసరికి రెండో తెర అప్పటికే వెనకాల నుంచి వచ్చేస్తుంటుంది. ప్రతి ఫోటోలోనూ ఒక పక్క నిలువునా నలుపు. అదృష్టం బాగుండి అవి పెళ్లికి ముందు రోజువి. గురువుగారు ఊరుకున్నారు.

1990లో చేసింది అలాంటిది కాదు.

ఆ పెళ్లిలో ఆయన ముఖ్యమైనవన్నీ యాషికాతో తీస్తున్నారు. "పెళ్లికూతురి వైపు గ్రూపులు నువ్వు చూసుకో" అన్నారు నాతో. రెండేళ్ల తర్వాత నాకు దక్కిన మొదటి పూర్తి వాక్యం అది. ఆ గర్వంలో కొత్త రోల్ ఎక్కించాను. వెనక తలుపు తెరిచి, ఫిల్ము నాలుక లాగి, కుడివైపు చుట్టలో దూర్చి, రంధ్రాలు పళ్లచక్రం మీద కూర్చున్నాయో లేదో చూసి, తలుపు మూసి, రెండుసార్లు తిప్పి కొట్టాలి. అలా తిప్పినప్పుడు ఎడమపక్కనున్న రివైండ్ పిడి దానంతటది తిరగాలి. తిరిగితేనే లోపల ఫిల్ము నడుస్తున్నట్టు. ఈ ఒక్కటీ ఆయన ప్రత్యేకంగా చూపించి మరీ చెప్పారు. నేను రెండోసారి తిప్పుతుండగా ఎవరో "ఏయ్ ఫోటో అబ్బాయ్, ఇటు రా" అని కేకేశారు. పిడి వంక చూడలేదు.

నలభై నిమిషాలు తీశాను. బాబాయిలు, పిన్నులు, మేనత్తలు, వాళ్ల పిల్లలు, ఆ పిల్లల్లో ఏడ్చేవాళ్లు, వాళ్లని నవ్వించేవాళ్లు. నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ అందర్నీ నిలబెట్టి మూడు. పెళ్లికూతురి తమ్ముడు ఆ కుర్చీ వెనకే నిలబడి మూడింటిలోనూ జోకులేశాడు. కెమెరా మీది అంకె 36కి, అంటే రోల్ చివరికి వచ్చింది. ఒకటో రెండో ఎక్కువ రావడం మామూలే కాబట్టి ఇంకోటి తీశాను. ఇంకోటి కూడా వచ్చింది. లాభమే కదా అనుకున్నాను. ఆ తర్వాతది తిప్పితే, రోల్ అయిపోయి బిగుసుకోవాల్సిన లీవరు వెన్నలా తిరిగింది.

అప్పుడు అనుమానం వచ్చింది. రివైండ్ చేశాను. ఫిల్ము ఉంటే పిడిలో బిగువు తెలుస్తుంది, చివర్లో చుట్ట నుంచి ఊడినప్పుడు చిన్న కుదుపు తగులుతుంది. బిగువూ లేదు, కుదుపూ లేదు. గాలిని చుడుతున్నట్టుంది. స్తంభం చాటుకి వెళ్లి తలుపు తెరిచాను. నాలుక నేను దూర్చిన చుట్టలోంచి జారి బయటికొచ్చి, నా వేలిముద్రతో సహా అలాగే పడుకుని ఉంది.

గురువుగారికి అప్పుడే చెప్పలేదు. సామానంతా సర్దేశాక, తెల్లవారుజామున, స్కూటర్ దగ్గర చెప్పాను. ఆయన చాలాసేపు కిక్ కొట్టలేదు. "ఆ రోల్ పారెయ్యకు. కొత్తదేగా" అన్నారు.

మర్నాడు ఆయనే నన్ను వాళ్లింటికి తీసుకెళ్లారు. "తప్పు నాదండీ. కుర్రాడు నావాడు" అన్నారు. పెళ్లికూతురి తండ్రి ఏమీ అనలేదు. తల్లి అంది. ఆవిడ అన్నవాటిలో ఒక్క మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నలభైమందిమి పళ్లికిలించుకుని నిలబడితే గాలిని తీశావా నాయనా?" అంతకన్నా సరిగ్గా చెప్పడం ఎవరివల్లా కాదు, నేను తీసింది గాలినే.

తీర్పు నాయనమ్మ చెప్పింది. ఆదివారం మళ్లీ అందరూ అవే బట్టలు కట్టుకుని రావాలి, మళ్లీ తీయాలి. వచ్చారు కూడా. పెళ్లికూతురు, పెళ్లికొడుకు, వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లలో ఇంకా వెళ్లని వాళ్లు. ఉదయం తొమ్మిదింటికి వరండాలో, ఎడమవైపు నుంచి వస్తున్న మెత్తటి ఎండలో. అదే రోల్ ఎక్కించాను. పిడి తిరగడం గురువుగారు చూశారు, నేను చూశాను, ఆఖరికి పెళ్లికూతురి తల్లి కూడా వచ్చి చూసింది.

ఒక్క తమ్ముడే లేడు. ఉద్యోగంలో చేరడానికి శుక్రవారమే రైలెక్కేశాడు. నాయనమ్మ కుర్చీ వెనక, తండ్రికీ పెళ్లికూతురికీ మధ్య, మనిషి పట్టేంత ఖాళీ ఉండిపోయింది. "కొంచెం దగ్గరికి జరగండి" అన్నాను. ఎవరూ కదలబోయే లోపే నాయనమ్మ చెయ్యెత్తింది. "వాడి చోటు వాడికుండనీ. వస్తే ఎక్కడ నిలబడతాడు?"

నాకు ఒళ్లు మండింది. నిండైన పలువరుసలో ముందు పన్ను ఊడినట్టు, సరిగ్గా మధ్యలో ఖాళీ. అయినా నోరెత్తే మొహం కాదు నాది. తీశాను.

గురువుగారు నా జీతంలో ఏమీ కోయలేదు. ఆరు నెలలు కెమెరా ముట్టుకోనివ్వలేదు. జీతం కోసినా బాగుండేది.

ఆ ఆరు నెలల్లో ఆయన నోటి నుంచి ఇంకొన్ని మాటలు రాలాయి. అన్నింటిలోకీ ఎక్కువసార్లు విన్నది "చివర్లు చూడు". గ్రూపులో మధ్యనున్నవాళ్లని ఎవడైనా చూస్తాడు. వాళ్లు పెళ్లికొడుకూ పెళ్లికూతురూ, వాళ్లకి వేరే వంద ఫోటోలుంటాయి. చివరన నిలబడ్డవాడు మొహమాటంగా సగం బయటికి, సగం లోపలికి ఉంటాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికి లాగే బాధ్యత నాది. ఎంత లోపలికి? అక్కడ కూడా లెక్క ఉంది. 35 ఎంఎం నెగటివ్ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 పొడుగు. దాన్ని 8×10 సైజు ప్రింటు వేయిస్తే ఆ పొడుగులో ఆరోవంతు పోతుంది, పక్కకి 3 మిల్లీమీటర్ల చొప్పున. కెమెరాలో నిక్షేపంలా ఉన్న మనిషి ప్రింటులో సగమే ఉంటాడు.

ఈ ఆరోవంతు వల్ల రెండు కుటుంబాలు మాట్లాడుకోవడం మానేయడం నా కళ్లతో చూశాను. కొత్తల్లుడి వైపు బావగారొకాయన చివరన నిలబడ్డారు. పెద్ద ప్రింటు గోడకెక్కాక చూస్తే ఆయనకి ఒక చెవి, ఒక భుజం, సగం ముక్కు. "కావాలనే కోయించారు" అని గొడవ. నేను వెళ్లి నెగటివ్ లైటుకి ఎత్తిపట్టి "చూడండి, పూర్తిగానే ఉన్నారు, కాగితం సైజు వల్ల పోయారు" అని వివరించాను. నెగటివ్‌లో తెల్ల చొక్కా నల్లగా కనిపిస్తుంది కదా, అది చూసి ఆయన ఇంకా మండిపడ్డారు.

కళ్లు మూసేవాళ్ల సంగతి వేరే. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు దీని మీద లెక్క కట్టి 2006లో ఇగ్ నోబెల్ తెచ్చుకున్నారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. గ్రూపులో ఇరవైమందికి లోపు ఉంటే, ఆ సంఖ్యని మూడుతో భాగించినన్ని ఫోటోలు తీస్తే ఒక్కటైనా అందరి కళ్లూ తెరుచుకున్నది దొరుకుతుందట. వెలుతురు తక్కువైతే రెండుతో భాగించాలి. అంటే పన్నెండుమందికి మంచి వెలుగులో నాలుగు, లేకపోతే ఆరు. ఆ లెక్క గురువుగారికి చెబితే నవ్వారు. పన్నెండుమందికి ఆరు తీస్తే ఆయన రోల్ సగం అయిపోతుంది. ఆయన పద్ధతి వేరు. "అందరూ కళ్లు మూసుకోండి. మూడు అనగానే తెరవండి" అనేవారు. ఇప్పటికీ నేను అదే చేస్తాను. పోజు పెట్టించకుండా తీసే క్యాండిడ్ కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకుంటారు.

మా తోటివాడొకడు ఇంతకన్నా ఘోరం చేశాడు. తీసేసిన రోల్ నాలుక లోపలికి పూర్తిగా చుట్టకుండా జేబులో వేసుకుని, వచ్చే వారం ఇంకో పెళ్లిలో అదే ఎక్కించాడు. రెండు పెళ్లిళ్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక పెళ్లికొడుకు పక్కన ఇద్దరు పెళ్లికూతుళ్లు. అప్పట్నుంచి నాది ఒకటే పద్ధతి. కొత్తవి కుడి జేబు, అయిపోయినవి ఎడమ జేబు, నాలుక కనిపించకూడదు.

ఒంటి సంగతులు పెద్దగా చెప్పడానికేం లేదు. మోకాళ్లు, నడుం, కుడి భుజం. స్పీకరు పక్కన నిలబడీ నిలబడీ ఎడమ చెవిలో ఒక సన్నటి మోత, అచ్చం ఫ్లాషు కూతలాగే. భోజనం అందరికన్నా ఆఖర్న, అదీ "ఫోటోగ్రాఫర్ ఏడీ" అని పిలుపొచ్చేలోపు. సీజన్‌లో వరసగా రాత్రుళ్లు, సీజన్ అయిపోయాక షట్టరు తీసి కూర్చుని పాస్‌పోర్టు ఫోటోలు. బాకీల గురించి రాయడం మొదలెడితే ఇంకొక పోస్టవుతుంది. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు ఇంటిల్లిపాదీ వస్తారు, మిగతాది ఆల్బమ్ అయ్యాక అంటారు, ఆల్బమ్‌కి ఫోటోలు మాత్రం ఎంచి ఇవ్వరు. ఒక జంట వాళ్ల పెళ్లి ఆల్బమ్ పట్టుకెళ్లడానికి చంకలో పాపతో వచ్చారు. ఆ పాప నా కౌంటర్ మీద కూర్చుని అమ్మానాన్నల పెళ్లి చూసింది.

2004లో నికాన్ డీ70 కొన్నాను. 6 మెగాపిక్సెళ్లు. 512 ఎంబీ కార్డు పెడితే మంచి క్వాలిటీలో 150 దాకా వచ్చేవి. గురువుగారి దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, వెనక తెర మీద తన ఫోటో తనే చూసుకుని, "అయితే ఇంక ఖాళీ ఫ్లాషు కుదరదన్నమాట" అన్నారు. కుదరదు. తీసిన మరుక్షణం "చూపించండి" అంటారు.

పదిహేనేళ్ల అలవాటు తిరగెయ్యాల్సి వచ్చింది. కలర్ నెగటివ్ వెలుగు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే బురదలా తయారవుతుంది. అందుకని చెయ్యి ఎప్పుడూ ఎక్కువ వైపే మొగ్గేది. డిజిటల్ దానికి పూర్తిగా రివర్సు. తెల్ల చొక్కా మీద వెలుగు మించిపోతే అక్కడ ఇక ఏమీ ఉండదు, ఎంత గీకినా రాదు. మొదటి నాలుగైదు పెళ్లిళ్లలో నేను తీసిన పెళ్లికొడుకులకి చొక్కాలు లేవు, మెడ కింద తెల్లటి వెలుగు మాత్రమే.

ఇంకో పెళ్లిలో మూడు కెమెరాలు నడిపాం. ఒకదాని గడియారం ఏడు నిమిషాలు ముందుంది. కంప్యూటర్ టైము ప్రకారం వరసగా పేర్చి పెట్టింది. పెళ్లికూతురు వేదిక మీదికి రాకముందే దిగిపోయింది, అతిథులు దీవెనలిచ్చాక లోపలికొచ్చారు. ఒక రాత్రంతా కూర్చుని విడదీశాను. ఇప్పుడు కెమెరా బ్యాగులోంచి తీయగానే నేను ముందు చూసేది గడియారం. తర్వాత, పాత అలవాటు కొద్దీ, ఎడమపక్క పిడి కోసం వేలు వెళుతుంది. అక్కడ పిడి ఉండదు.

మా ల్యాబ్‌లో పనిచేసే పెద్దాయన డెవలపర్ వేడి 37.8 డిగ్రీలు దాటకుండా, ఫిల్ము అందులో 3 నిమిషాల 15 సెకన్లు ఉండేలా కాపలా కాసేవాడు. కలర్ ఫిల్ముకి అదే కొలత, ఎక్కడైనా. ఆ మెషీన్ పాతసామానుకి వెళ్లిన రోజు ఆయన చూడ్డానికి రాలేదు. తమాషా ఏమిటంటే, డిజిటల్ కెమెరాని 1975లో మొదట కట్టింది ఫిల్ము అమ్మే కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసనే. అందులో ఒక బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేదట. సెల్స్ అయిపోయిన మా ఫ్లాషు కన్నా కాస్త నిదానం. ఆ కొడాకే 2012 జనవరిలో దివాలా రక్షణ కోసం కోర్టు మెట్లెక్కింది.

ఇప్పుడు ఒక పెళ్లికి 4,000 ఫోటోలు. కెమెరా ఏ మెరుగూ దిద్దకుండా దాచే రా ఫైలు ఒక్కోటి 25 ఎంబీ వేసుకున్నా 100 జీబీ. ఒకేసారి రెండు కార్డుల్లో రాసే కెమెరా తప్ప వాడను. ఇంటికొచ్చి, తెల్లవారుజామున మూడింటికి రెండు డిస్కుల్లోకి కాపీ పెట్టి, ఆ పచ్చదీపం ముందు కునుకు తీస్తాను. ఎల్ఈడీ లైట్లు కొన్నింటికి ఫోటోలో అడ్డంగా చారలొస్తాయి. వేదిక మీద గిరగిరా తిరిగే లేజరు లైటు సరాసరి లెన్సులో పడితే సెన్సరు కాలిపోతుంది. నాకో కెమెరా అలా పోయింది. ఆ డీజే అబ్బాయి "సారీ అంకుల్" అన్నాడు. మళ్లీ అంకుల్.

మధ్యలో నాకూ క్యాండిడ్ పిచ్చి పట్టింది. అబద్ధమెందుకు, గ్రూపు ఫోటోలంటే చులకన వచ్చింది. వాటిని అసిస్టెంట్‌కి వదిలేసి, వెలుగుకి ఎదురుగా నిలబడ్డ జంటలు, నీళ్లలో నీడలు, కాలి వేళ్లు, గాజుల్లోంచి కళ్లు తీస్తూ తిరిగాను. బాగానే ఉండేవి. కానీ పదేళ్ల తర్వాత తిరిగొచ్చి ఆ కాలివేళ్ల ఫోటో ఇంకో కాపీ కావాలని అడిగినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.

వచ్చేవాళ్లు దేనికొస్తారో స్టూడియో నడిపే ఎవరినడిగినా చెబుతారు. చేతిలో పాత ఆల్బమ్ ఉంటుంది. గ్రూపు ఫోటో తెరిచి, చివరన నిలబడ్డాయన మీద వేలు పెడతారు. "ఈయనదొక్కటే పెద్దది చేస్తారా? మా దగ్గర ఈయన ఫోటో ఇంకేదీ లేదు." ఆ ప్రింటు అప్పటికే ఎర్రబారిపోయి ఉంటుంది. ఆ కాలపు కలర్ ప్రింట్లలో పెట్టెలో దాచినా ముందు తగ్గేది నీలిఛాయ రంగు, మిగిలేది ఎరుపు. నెగటివ్ వెతుకుతాను. దొరికితే ఆ మొహం నెగటివ్ మీద నువ్వుగింజంత ఉంటుంది. పెద్దది చేస్తే గింజ, అంటే ఫిల్ములోని రేణువులు, గులకరాళ్లలా తేలుతుంది. అయినా వాళ్లు చూడగానే "ఆఁ, ఈయనే" అంటారు. 2006 నాటి పెళ్లిళ్లు అడిగితే మాత్రం నాకు గుండె దడ. అప్పట్లో డీవీడీల్లో దాచినవి సగం తెరుచుకోవడం లేదు. 1990 నెగటివ్ కిటికీకి ఎత్తిపట్టుకుంటే చాలు, మనుషులు కనిపిస్తారు.

ఇక పెట్టె ఎందుకు దించానో చెబుతాను. గత నెలలో ఒకాయన వచ్చారు. బట్టతల, కళ్లజోడు, నా వయసే. ఫోన్‌లో ఒక ఫోటో చూపించారు. వరండా, ఎడమవైపు ఎండ, కుర్చీలో నాయనమ్మ. నేను నోరు తెరిచేలోపే, "మధ్యలో ఈ ఖాళీ ఉంది చూశారా, ఇది నేనండీ" అన్నారు.

అక్కగారి పెళ్లిరోజుకి ఇవ్వాలట, ఖాళీ పూడ్చి. "అప్పట్లో ఎవరో కుర్రాడు ఫిల్ము పాడుచేశాడట" అని కూడా చెప్పారు. ఎవరో నేను చెప్పలేదు. పెట్టె దించాను. గ్రూపు నెగటివ్ దొరికింది, అదృష్టం కొద్దీ గురువుగారి యాషికా నెగటివ్‌ల్లో ఈయనది నడుం పైదాకా ఒకటి దొరికింది, ఇరవై రెండేళ్ల వయసులో, నెత్తి నిండా జుట్టుతో.

మూడు రోజులు పట్టింది. అంచులు కోయడం కష్టం కాదు. గ్రూపులో అందరి మీదా ఎడమ నుంచి ఎండ, ఈయన మీద ఎదురుగా ఫ్లాషు. మొహం పలకలా ఉంది, వెనక గోడ మీద గట్టి నీడ. ఆ నీడ తీసేసి, కుడి చెంప మీద వెలుగు తగ్గించి, ఎడమ చెంప మీద కాస్త పెంచి, గింజ కలిసేలా చేసి, కుర్చీ వెనక నిలబెట్టాను. పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడకుండా తన జుట్టు చూసుకున్నారు. ఆశ్చర్యపరుద్దామన్న మాట మర్చిపోయి, ఆగలేక, అక్కగారికి వీడియో కాల్ చేసి ఫోన్ నా స్క్రీన్ వైపు తిప్పారు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూశారు.

"బాగుందిరా. కానీ వీడు అంత పొడుగు కాదండీ."

"అక్కా!"

"ఉన్నమాటేగా. నాన్న పక్కన చూడు, నాన్నని మించిపోయావు. చెవి దాకానే వచ్చేవాడండీ వీడు."

ఆయన నా వైపు చూశారు, స్క్రీన్ వైపు చూశారు. నేను మౌస్ పట్టుకుని ఆగాను.

"సరే," అన్నారు, "చెవి దాకానే పెట్టండి."